బండను కదపకుండా డెక్: ఖాజాగూడ ఇంటి పని డైరీ

మా ఇల్లు హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల అంచున ఉంది. వెనక తలుపు తీస్తే మట్టి కనిపించదు, అంతా ఒకటే బండ. గడప దగ్గర ఒకటిన్నర అడుగు లోతులో మొదలై, 12 అడుగులు పోయేసరికి అయిదు అడుగుల పైచిలుకు కిందికి జారుతుంది. వాలు సుమారు 15 డిగ్రీలు. ఆ బండ మీద 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో డెక్ వేశాం, అంటే ఇనుప కాళ్ల మీద నిలిచే చెక్క అరుగు. ఫిబ్రవరిలో కొలతలు మొదలుపెడితే ఆగస్టుకి చివరి మరమ్మతు అయింది. ఇలాంటి స్థలం ఉన్నవాళ్లు మా కొలతలు వాడుకోవచ్చు. మేం చేసిన తప్పులు మాత్రం మళ్లీ చేయకండి.

పని చూడటానికి ముగ్గురు మేస్త్రీలు వచ్చారు. ముగ్గురిదీ ఒకటే మాట: "బండ కొట్టేద్దాం సార్, సాపు చేసి టైల్స్ ఏద్దాం." నేను ఒప్పుకోలేదు. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ రాళ్లను కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. మా చుట్టుపక్కల గుట్టలు ఒక్కొక్కటే కంకరగా మారడం కళ్లారా చూశాను. మా పెరట్లో మిగిలినదాన్ని నా చేత్తో పగలగొట్టించలేను. ఇంకో సంగతి, బండ అంచున ఒక పగులులో వేపచెట్టు పెరిగింది. నాన్న ఇల్లు కట్టినప్పుడు అది మోకాలెత్తు ఉండేదట. ఇప్పుడు పొద్దున పూట బండకంతా నీడ దానిదే.

మొదటి దశ: కొలతలు (ఫిబ్రవరి)

లేజర్ లెవెల్ అద్దెకు తెచ్చాను గానీ ఎండలో గీత కనపడక తిప్పి పంపేశాను. చివరికి పనికొచ్చింది 50 అడుగుల నీళ్ల ట్యూబే. ఒక కొసను గడప దగ్గర పట్టుకోమని అమ్మకిచ్చి, రెండో కొస నేను పట్టుకుని తిరిగాను.

1. ట్యూబులో నీళ్లు నింపాక గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. మొదటి రోజు మిగిలింది, కొలతలన్నీ అర అంగుళం తప్పు వచ్చాయి.
2. గడప పైమట్టాన్ని సున్నా అనుకున్నాను. డెక్ పైమట్టం దానికి 2 అంగుళాలు కిందికి.
3. కాళ్లు తొమ్మిది, మూడు వరసలు. ఇంటి వైపు వరస ఏ, మధ్యది బీ, లోయ వైపుది సీ.
4. ప్రతి కాలు చోటా గడప మట్టం నుంచి బండ దాకా ఎంత లోతుందో సుద్దతో బండ మీదే రాశాను.

ఏ వరస: 19, 21, 25 అంగుళాలు. బీ వరస: 31, 36, 41. సీ వరస: 49, 56, 63.

ఇందులోంచి 11 అంగుళాలు తీసేస్తే కాలు పొడవు వస్తుంది. ఆ 11లో గడప కింద వదిలినవి 2, చెక్క, దాన్ని మోసే అడ్డ పైపు, కాళ్ల మీద కూర్చునే మెయిన్ పైపు కలిపి ఆరుముప్పావు, అడుగున గ్రౌటు (సందుల్లో నింపే సిమెంటు ముద్ద) రెండుంపావు.

స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఉన్న స్నేహితుడికి ఫీజు ఇచ్చి మరీ లెక్క చూపించాను. ఊరికే అడిగితే ఫోన్‌లో అంచనా చెప్పి వదిలేస్తారు, ఫీజు ఇస్తే కాగితం మీద పెడతారు. కట్టడాల మీద పడే బరువులకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్ల బాల్కనీకి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోల బరువు ఆనుతుందని లెక్క కట్టాలి. మా డెక్ మొత్తానికి అది అయిదు టన్నులు దాటుతుంది. మధ్య కాలు ఒక్కదాని మీదే 1,600 కిలోల దాకా పడుతుంది. అందుకే మధ్య వరస మెయిన్ పైపుకి 3 ఎంఎం సరిపోదు, 4 ఎంఎం వెయ్యమన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: డెక్‌ని ఇంటి గోడకు బిగించకు, అంగుళం సందు వదిలి దాని కాళ్ల మీద దాన్ని నిలబెట్టు. గోడలో బోల్టు దిగిన ప్రతిచోటా వానాకాలంలో చెమ్మ ఎక్కుతుంది.

ఈ దశ ఖర్చు: ట్యూబు, దారం, సుద్ద 650, ఇంజనీరుకు 6,000. ఇప్పటిదాకా 6,650 రూపాయలు.

రెండో దశ: బండలో బోల్టులు (మార్చి)

ఎక్కువ రోజులు తిన్నదీ, ఎక్కువ నేర్పిందీ ఈ దశే.

ప్లాను ఇది. ఒక్కో కాలు కింద 6 అంగుళాల చదరపు ప్లేటు, 10 ఎంఎం మందం. ప్లేటుకి నాలుగు 12 ఎంఎం స్టెయిన్‌లెస్ రాడ్లు. బండలో 14 ఎంఎం వెడల్పు, 110 ఎంఎం లోతు రంధ్రం చేసి, కెమికల్ (రాడ్డును బండకు అతికించే జిగురు) పోసి రాడ్డు దించాలి. తొమ్మిది ప్లేట్లకు మొత్తం 36 రంధ్రాలు.

ప్లేటు సమంగా కూర్చోవాలని మొదట ఉలితో బండను మెట్టులా చెక్కించబోయాను. ఒక రోజంతా పని చేస్తే రెండు మెట్లే అయ్యాయి. రెండోది చెక్కుతుండగా అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. అక్కడితో ఆపేయించాను. ప్లేటు కింద నట్లు వేసి లెవెల్ చేసి, సందులో గ్రౌటు నింపడం తేలిక. బండ ఎట్లున్నది అట్లే ఉంటుంది.

తర్వాత డ్రిల్లింగ్. ఏ, బీ వరసలు బాగానే సాగాయి, ఒక్కో రంధ్రానికి నాలుగైదు నిమిషాలు. సీ వరస రెండో కాలు దగ్గర మొదటి రంధ్రం 80 ఎంఎం దాకా మామూలుగానే పోయింది. ఆ తర్వాత మిషను ఒక్కసారిగా ముందుకు పడింది. బిట్ అంగుళంన్నర మేర ఊరికే దిగిపోయింది. రంధ్రంలోంచి బూడిదరంగు పొడి రావాల్సింది ఎర్రమట్టి వచ్చింది.

బండలు కొట్టే పెద్దాయన ఒకాయన పక్క వీధిలో పని చేస్తుంటే పిలుచుకొచ్చాను. ఆయన డ్రిల్ ముట్టుకోలేదు. చిన్న సుత్తి తీసుకుని, చెవి వంచి, జానెడుకొక దెబ్బ వేసుకుంటూ నడిచాడు. ఏ వరస దగ్గర ఠంగుఠంగుమని గుడిగంట లాంటి మోత. సీ వరసకు రాగానే డబడబమని మూకుడు బోర్లించి కొట్టినట్టు. సుద్దముక్క తీసుకుని ఆ చప్పుడు మారే అంచు వెంట గీత గీశాడు. "ఇది పెచ్చు సారూ. పైకి బండ లెక్కనే కనపడతది, కింద గుల్లుంది. దీని మీద బరువు ఏస్తే ఇయ్యాల కాకపోతే రేపు లేస్తది."

గ్రానైటు ఉల్లిపాయ పొరల్లా పైనుంచి విడుతుందని చదివాను. నా డెక్ కాళ్ల కింద అదే జరుగుతోందని తట్టలేదు. ఆ పొర మందం మూడు అంగుళాలకు కాస్త పైన. సీ వరసలో రెండు కాళ్లు సరిగ్గా దాని మీదే వస్తున్నాయి.

మార్పు: సీ వరస మొత్తాన్ని 14 అంగుళాలు ఇంటి వైపు జరిపాం. అక్కడ మోత గట్టిగా ఉంది. దాంతో కాళ్లు దాటి 20 అంగుళాల డెక్ గాలిలోకి చాచి ఉంటుంది. ఇంజనీరు మళ్లీ లెక్క చూసి సరేనన్నాడు, మధ్య కాలు మీద బరువు కూడా కొంత తగ్గింది. సీ వరస కొత్త లోతులు 45, 52, 59. కాళ్లు 34, 41, 48 అంగుళాలు. పాత రంధ్రాన్ని గ్రౌటుతో మూసేశాం.

పెద్దాయనకు ఎంతివ్వాలని అడిగితే టీ చాలన్నాడు. అయినా 500 చేతిలో పెట్టాను. ఆ సుత్తి దెబ్బలకు విలువ కట్టాలంటే ఎంతిచ్చినా తక్కువే. రంధ్రం వెయ్యకముందే బండంతా కొట్టి చూసుకోండి, అరగంట పని.

రెండో దెబ్బ కెమికల్ దగ్గర తగిలింది. అసలు పనికి ముందు, డెక్‌కి అవతల మూడు పరీక్ష రంధ్రాలు చేశాను. మెకానిక్ దగ్గర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) అడిగి తెచ్చాను. 12 ఎంఎం రాడ్డు 40 న్యూటన్ మీటర్లు తట్టుకోవాలి.

మొదటిది నోటితో ఊది పోసింది: 25 దగ్గరే రాడ్డు గిర్రున తిరిగింది. రెండోది బ్లోయరుతో ఊదింది: 40 దాకా వెళ్లింది గానీ రాడ్డు 2 ఎంఎం పైకి లేచింది. మూడోది బ్రష్ వేసి ఊదింది: 40 దాటినా కదల్లేదు.

తిరిగిన రాడ్డును బయటికి లాగి చూస్తే కెమికల్ చుట్టూ ముగ్గు అద్దినట్టు తెల్లటి పొడి. కెమికల్ బండను పట్టుకోలేదు, పొడిని పట్టుకుంది. ఆ తర్వాత 36 రంధ్రాలకూ ఇదే వరస:

1. బ్లోయరు గొట్టం అడుగుదాకా దించి నాలుగుసార్లు ఊదడం.
2. 16 ఎంఎం వైర్ బ్రష్ నాలుగుసార్లు తిప్పుతూ దించి తియ్యడం.
3. మళ్లీ నాలుగుసార్లు ఊదడం. పొడి ఇంకా వస్తుంటే మొదటికి.
4. కెమికల్ అడుగునుంచి పైకి, మూడింట రెండు వంతుల దాకా నింపడం.
5. రాడ్డు తిప్పుతూ దించడం. పైకి కొంచెం పొంగి రాకపోతే లోపల ఖాళీ ఉన్నట్టే.

ఈ పని పొద్దున 6:30 నుంచి 9 లోపే చెయ్యండి. ఒకరోజు మధ్యాహ్నం పెట్టుకున్నాం, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు బండ మీద 47 డిగ్రీలు చూపించింది. రెండో రంధ్రానికే నాజిల్‌లో కెమికల్ గట్టిపడి, సగం ట్యూబు వృథా అయింది.

ఈ దశ ఖర్చు: డ్రిల్ అద్దె నాలుగు రోజులకు 2,800, బిట్లు మూడు 1,350, కెమికల్ ట్యూబులు మూడు 2,700, రాడ్లు నలభై 6,400, గ్రౌటు రెండు బస్తాలు 1,800, పెద్దాయనకు 500. మొత్తం 15,550. ఇప్పటిదాకా 22,200 రూపాయలు.

మూడో దశ: ఇనుము (ఏప్రిల్)

రాణిగంజ్ వెళ్లి పైపులు చూసి, చివరికి ఇంటికి దగ్గరలోని షాపులో ఆర్డర్ ఇచ్చాను. మెయిన్ పైపులు 4 బై 2 అంగుళాలు, అడ్డ పైపులు 2 బై 2, అన్నీ 3 ఎంఎం, మధ్య మెయిన్ ఒక్కటే 4 ఎంఎం.

లోడు దిగాక మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే 3 ఎంఎం అన్న పైపు 2.6 ఉంది. నమ్మకం కుదరక ఒక పైపు తూకం వేయించాను. 20 అడుగుల 4 బై 2 పైపు 3 ఎంఎం అయితే 41 కిలోలు తూగాలి, ఇది 36 కూడా లేదు. షాపాయన "మార్కెట్ల అన్నీ గిట్లనే ఉంటయ్" అన్నాడు. మొత్తం లోడు వాపసు చేసి వేరే చోట తూకం ప్రకారం కొన్నాను. ఆటో ట్రాలీ కిరాయి రెండుసార్లు పడింది. పైపు దించకముందే ఒకటి తూకం వెయ్యండి, అద్దెకైనా సరే కాటా తెచ్చుకోండి. సన్నపైపు వెల్డింగులో ఇట్టే చిల్లు పడుతుంది.

కోత విషయంలో ఒక మంచి లెక్క కుదిరింది. అడ్డ పైపులు 13 కావాలి, 16 అంగుళాలకొకటి, ఒక్కోటి 12 అడుగులు. 20 అడుగుల పైపులో 12 పోతే 8 మిగులుతుంది, అందులోంచి 6 అడుగుల ముక్క వస్తుంది. రెండు ముక్కల్ని మధ్య మెయిన్ పైపు మీద కలిపితే ఇంకో అడ్డ పైపు. అలా తొమ్మిది పైపుల్లో పదమూడూ వచ్చాయి, పైగా ఒక ముక్క మిగిలింది. రెయిలింగు స్తంభం వచ్చే చోట మాత్రం అతుకు పైపు పెట్టకండి. మనిషి రెయిలింగు మీద వాలితే ఆ తోపుడంతా ఆ పైపుకే వెళ్తుంది.

వెల్డర్ భాయ్ చెయ్యి మంచిది, కానీ పని త్వరగా అవ్వాలని ఒక కొసనుంచి మొదలుపెట్టి వరసగా అడ్డ పైపులన్నీ పూర్తిగా వెల్డ్ చేసుకుంటూ పోయాడు. అయిదు అయ్యాక దారం కట్టి చూస్తే సీ వరస మెయిన్ పైపు మధ్యలో 5 ఎంఎం వంగి ఉంది. వేడంతా ఒకే వైపు పడితే ఇనుము అటే లాక్కుంటుంది. "భాయ్, ముందు అన్నీ చుక్కలు పెట్టండి" అని బతిమాలాను, అంటే పూర్తిగా అతకకుండా అక్కడక్కడ చిన్న వెల్డింగు మాత్రమే. ఆయన నొచ్చుకోలేదు. అయిదింటినీ కోసేసి మళ్లీ చుక్కలు వేసి, తర్వాత ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున పూర్తి చేశాడు. ఈసారి తేడా ఒకటిన్నర ఎంఎం. ఒక రోజు కూలి అదనం, ఇచ్చాను.

పైపుల కొసలన్నీ మూత వేసి మూసేయించాను. తెరిచి ఉంటే వాన లోపలికి పోయి, పైకి రంగు మెరుస్తూనే లోపల తుప్పు తినేస్తుంది. రెడ్ ఆక్సైడ్ బదులు జింక్ ప్రైమర్, దాని మీద రెండు కోట్లు ఎనామెల్. వెల్డింగ్ మీది పెంకు గ్రైండరుతో పూర్తిగా తీసేశాకే ప్రైమర్ వెయ్యాలి, లేకపోతే రంగు పెంకుతోపాటే రాలిపోతుంది.

లోయ వైపు డెక్ బండకు అయిదు అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడా, రెండు పక్కలా 42 అంగుళాల రెయిలింగు పెట్టాం. సీ వరస కాళ్లకు ఏటవాలు పైపులు వేశాం. వాటి గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు.

ఈ దశ ఖర్చు: ఇనుము 520 కిలోలు, కిలో 74 చొప్పున 38,480. కిరాయిలు 1,800. వెల్డరు, హెల్పరు అయిదు రోజులకు 10,500. రంగులు 5,400. మొత్తం 56,180. ఇప్పటిదాకా 78,380 రూపాయలు.

నాలుగో దశ: చెక్క (మే)

మొదట డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేవి) పలకలు వేద్దామనుకున్నాను. చెదపట్టదు, పాలిష్ అక్కర్లేదు. శాంపిల్ ముక్కలు తెచ్చి బండ మీద పెట్టి, ఏప్రిల్ 28 మధ్యాహ్నం రెండింటికి కొలిచాను. ఆ పూట గాలి 41 డిగ్రీలు.

ముదురు గోధుమరంగు డబ్ల్యూపీసీ 66 డిగ్రీలు, లేత బూడిదరంగుది 59, పాత టేకు ముక్క 54, బండ 52.

అమ్మ ఇంట్లో చెప్పులు వేసుకోదు, డెక్ మీద కూడా వేసుకోదు. ఆవిడ ముదురు రంగు పలక మీద కాలు పెట్టి వెంటనే తీసేసింది, టేకు మీద కాసేపు నిలబడింది. అక్కడితో నిర్ణయమైపోయింది.

కూల్చిన పాత ఇళ్ల టేకు దూలాలు 24 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) కొన్నాను, సీఎఫ్‌టీ 2,200. కోస్తే 4 అంగుళాల వెడల్పు, చిత్రికకు ముందు అంగుళం మందం పలకలు. 34 వరసలకు లెక్క ప్రకారం 15 సీఎఫ్‌టీ చాలు. కోతలో, పుచ్చిన కొసల్లో, మేకుల దగ్గర మిగతాది పోతుందని ముందే అనుకున్నాను. అలాగే పోయింది.

మేకులే పెద్ద తలనొప్పి. బయటికి కనపడేవి పీకేశాం. లోపల తల విరిగి మునిగిపోయినవి ఉన్నాయి. కోత మిషన్లో మూడో దూలానికే బ్లేడు పళ్లు లేచిపోయాయి, ఆ డబ్బు మేమే కట్టాం. తర్వాత చిన్న అయస్కాంతాన్ని దారానికి వేలాడదీసి దూలం పొడవునా నడిపించాం. అది పక్కకు లాగిన చోటల్లా సుద్ద గుర్తు. అలా పదిహేడు మేకులు దొరికాయి. కోసిన పలక లోపల రంగు మాత్రం తేనె లాగా ఉంది, వాసన నాన్న బీరువా తెరిచినట్టే ఉంది.

స్క్రూలు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్. మామూలు ఇనుప స్క్రూ వేస్తే టేకులోని రసం తగిలి చుట్టూ నల్ల మరక పడుతుంది. కానీ 304 మెత్తటి స్టీలు. నేరుగా పైపులోకి తిప్పితే మొదటి నలభైలో పదకొండు తలలు తెగిపోయాయి. ముందుగా పైపులో రంధ్రం వేసి, చుక్క నూనె రాసి తిప్పాక మూడే తెగాయి. 34 వరసలు, 13 అడ్డ పైపులు, చోటుకి రెండు చొప్పున 884 స్క్రూలు. అతుకుల దగ్గర అదనం. వెయ్యి కొన్నాను. అడ్డ పైపుల మీద బ్యుటైల్ టేపు అంటించాకే పలక వేశాం. ఇనుముకీ చెక్కకీ మధ్య నీళ్లు నిలవకుండా అదే కాపాడుతుంది.

పలకల మధ్య సందు దగ్గర మేస్త్రీ మాట విన్నాను. "ఒక సూత్ చాలు సార్, ఎక్కువైతే చూడబుద్ధి కాదు." సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 ఎంఎం. అది ఎలా తిరగబడిందో తర్వాతి దశలో.

తలుపు పక్కన 2 బై 3 అడుగుల పలకల మూత ఒకటి విడిగా, ఎత్తి తీసేలా చేయించాను. ఏ వరసలో డెక్ కింద జాగా జానెడే, ఆకులు తియ్యాలంటే వేరే దారి లేదు.

ఈ దశ ఖర్చు: టేకు 52,800, కోత, చిత్రిక 4,800, బ్లేడు 1,500, స్క్రూలు 7,000, టేపు 2,200, నూనె 3,600, వడ్రంగి, హెల్పరు ఆరు రోజులకు 13,800. మొత్తం 85,700. ఇప్పటిదాకా 1,64,080 రూపాయలు.

అయిదో దశ: వానలు (జూన్ నుంచి ఆగస్టు)

బండ మీద ఒక నల్లటి చార ఉంటుంది, రెండు జానల వెడల్పు, ఇంటి మూలనుంచి వేపచెట్టు పక్కగా కిందికి. ఎప్పుడూ నీళ్లు పారే దారి అది, నాచు ఎండి నల్లబడింది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు ఆ దారిలో చీలమండ లోతు నీళ్లు పోవడం టార్చిలైటు వేసుకుని చూశాను. చూసి కూడా బీ వరస రెండో కాలు గ్రౌటు దిమ్మెను ఆ చార మీదే పోయించాను. ఎండాకాలంలో చార పొడిగా ఉంటే కళ్లకు కనపడుతుంది గానీ మనసుకు ఆనదు.

జూన్ రెండో వారంలో మొదటి పెద్ద వాన. దిమ్మె పైభాగం నలుచదరంగా ఉండటంతో ఆకులు అడ్డంపడి చిన్న ఆనకట్ట అయింది. నీళ్లు దారి తప్పి ఎడమకు తిరిగి, నేరుగా వేపచెట్టు ఉన్న పగులులోకి దూకాయి. తెల్లారి చూస్తే మూడు అంగుళాల మట్టి కొట్టుకుపోయి వేళ్లు తెల్లగా బయటపడ్డాయి. ఎవరి జోలికీ పోకుండా అన్నేళ్లు అక్కడ బతికిన చెట్టు. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి పగులులో ఎర్రమట్టి, కంపోస్టు నింపి, గోనెసంచి కప్పి, అంచున చిన్న రాళ్లు పేర్చాను.

దిమ్మె సరిచేసిన పద్ధతి:

1. బకెట్ నీళ్లలో పసుపు కలిపి చార పైనుంచి పోశాను. ఎటు పోతోందో పచ్చటి జాడ చూపించింది. గ్రౌటు వెయ్యకముందే చేసి ఉంటే ఈ దశే ఉండేది కాదు.
2. దిమ్మె పై వైపు మూలల్ని గ్రైండరుతో కోసి, కొత్త గ్రౌటుతో పడవ ముక్కులా కోసుగా తీర్చాను. వంతెన స్తంభాలకు నీళ్లొచ్చే వైపు అలాగే ఉంటుంది.
3. మళ్లీ పసుపు నీళ్లు, మూడు బకెట్లు. రెండుగా చీలి, దిమ్మె దాటాక మళ్లీ చారలోనే కలిశాయి.

జులైలో పలకలు ఉబ్బాయి. మేలో ఎండిన టేకు వాన నీళ్లు పీల్చి 4 అంగుళాలకు ఒకటిన్నర ఎంఎం దాకా పెరిగింది. 3 ఎంఎం సందు సగమైపోయి, అందులో వేపాకు ఈనెలు ఇరుక్కున్నాయి. నీళ్లు దిగక చెట్టు వైపు ఎనిమిది వరసల్లో పైన మడుగు కట్టింది. ఆ ఎనిమిదీ విప్పి, 6 ఎంఎం సందుతో మళ్లీ బిగించాం. ఒక పలక వెడల్పు తగ్గించి కోయాల్సి వచ్చింది. రెండు సూత్‌ల మేకును సందులో నిలబెట్టి బిగిస్తే కొలత తప్పదు. మిగతా వరసల్లో ఆకు పడదు కాబట్టి వదిలేశాను.

సీ వరస ప్లేట్లు ఆగస్టు 18న చూశాను. నట్లు 40 న్యూటన్ మీటర్ల దగ్గర కదల్లేదు, తుప్పు మచ్చ లేదు. పెచ్చు బండ మీద సుద్ద గీత వానకు చెరిగిపోయింది, అందుకని ఆ అంచు వెంట నాలుగు చోట్ల తెల్ల పెయింటు చుక్కలు పెట్టాను. ఏడాదికొకసారి సుత్తితో కొట్టి, గుల్ల అంచు జరిగిందేమో చూస్తాను.

ఈ దశ ఖర్చు: వడ్రంగి రెండు రోజులు 3,000, గ్రౌటు 900, మట్టి, కంపోస్టు 600. మొత్తం 4,500.

అంతా కలిపి 1,68,580 రూపాయలు. 192 చదరపు అడుగులకు, అడుగుకు 878.

వేప వేళ్లు మళ్లీ మట్టిలో కలిశాయి. బయటపడిన వైపు కొమ్మకు నిన్న లేతెరుపు చిగుళ్లు కనపడ్డాయి.